తీగ చివర మునిగిన ఊరు

మా హెలెన్స్‌బర్గ్‌ని సిడ్నీ తెలుగువాళ్ళకి కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. "వేంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు" అంటే చాలు. 1985లో కుంభాభిషేకం జరిగిన దగ్గరనుంచీ, పండగ వచ్చిందంటే గుడి దగ్గర కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు. నిజానికి ఇది బొగ్గు గనుల ఊరు. పందొమ్మిదో శతాబ్దం చివర గని కోసం, రైలు సొరంగాల కోసం వచ్చిన కూలీలు వేసుకున్న గుడారాలే తరవాత ఊరయ్యాయి. దేవుడు మనతో పాటు వచ్చాడు.

నా వ్యసనం ఒకటి చెప్పుకోవాలి. వేసవి సెలవుల్లో ఇక్కడినుంచి అయిదు గంటలు కారు నడిపి, స్నోయీ పర్వతాల్లో ఉన్న జిండబైన్ సరస్సుకి చేపల వేటకి పోతాను. మొన్న జనవరిలో సంక్రాంతి వెళ్ళాక వచ్చిన శనివారం, పొద్దున్నే స్వామి దర్శనం చేసుకుని అటునుంచి అటే బయలుదేరదామనుకున్నాను. గేలం కర్రలు కారు వెనక దుప్పటి కింద దాచాను. గుడికి వచ్చినవాళ్ళు చూస్తే బాగుండదని. కాని దుప్పటి జారింది. మిత్రుడి తండ్రిగారు చూడనే చూశారు. మాచర్ల పక్కనుంచి కొడుకు దగ్గరకి వచ్చిన మనిషి, వయసు డెబ్భై అయిదు దాటింది.

"ఇదేందబ్బాయ్, గేలానికి ఇనప తీగ చుట్టావు? దారం తెగుద్దనా?"

"తెగుతుందని కాదు బాబాయి గారూ, మునగదని."

"ఎంత లోతు మునగాల?"

"అరవై, డెబ్భై అడుగులండీ."

"అంత లోతు చెరువు యాడుందయ్యా?"

"చెరువు కాదండీ, డ్యాము. 1967లో కట్టారు."

ఆయన ఒక్క క్షణం ఆగారు. "మా సాగర్ కాలవలకి నీళ్ళిడిచిన ఏడు" అన్నారు. తరవాత, "నేనూ వస్తా" అన్నారు.

అయిదు గంటల ప్రయాణంలో ఆయన అడిగిన ప్రశ్నలకి నేను చెప్పిన జవాబులు, నేను అడగని ప్రశ్నలకి ఆయన చెప్పిన జవాబులు కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను.

నీళ్ళలో గాలిపటం

పడవ మనిషి నడకంత వేగంతో పోతూ ఉంటే వెనక ఎరని లాగడాన్ని ట్రోలింగు అంటారు. ఇంటర్నెట్లో ఒకరినొకరు తిట్టుకోవడానికి ఆ పేరు వచ్చింది చాలా ఆలస్యంగా. ఎర పైపైన తిరిగితే చాలు అనుకున్నప్పుడు మామూలు నైలాను దారం సరిపోతుంది. కాని సాల్మన్, ట్రౌట్ చల్లని నీటి చేపలు. ఎండాకాలం సరస్సు రెండు పొరలుగా విడిపోతుంది. పైన వెచ్చని నీరు, కింద చల్లని నీరు. ఈ చేపలు పది పన్నెండు సెంటీగ్రేడు డిగ్రీల చల్లదనం వెతుక్కుంటూ కిందికి దిగిపోతాయి. పైన ఎర ఎంత అందంగా ఆడినా వాటికి కనబడదు.

మరి ఎరని కిందికి దింపడం ఎలా? బరువు కట్టవచ్చు. పడవ కదిలేసరికి నీటి ఒరిపిడి దారాన్ని వెనక్కీ పైకీ ఎత్తేస్తుంది. దారం ఎంత లావుగా ఉంటే అంత పైకి లేస్తుంది. అందుకని సన్నటి ఉక్కు పోగులు ఏడింటిని పేనిన తీగ వాడతారు. అది నీటిని కోసుకుంటూ పోతుంది, సాగదు. సాగదు కనక అరవై అడుగుల కింద చేప ముట్టినా కర్ర చివర తెలుస్తుంది. ఇబ్బందులూ ఉన్నాయి. ఒక్క మెలిక పడితే అక్కడే పుటుక్కున తెగుతుంది. మామూలు కర్రకుండే రింగుల్ని కోసి గాట్లు పెడుతుంది, వేళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. మాంజా పట్టుకున్నవాళ్ళకి ఆ అనుభవం తెలిసే ఉంటుంది.

తీగ ఒక్కటే చాలదు. దాని చివర అరచేతంత గుండ్రటి ప్లాస్టిక్ పలక ఉంటుంది. డైవింగ్ ప్లేనర్ అంటారు. నేను "మునుగు పలక" అంటాను. బాబాయి గారికి దీన్ని ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే సంక్రాంతే సాయపడింది. గాలిపటం ఎందుకు లేస్తుంది? దారం కట్టిన కోణం వల్ల గాలి దాన్ని పైకి తోస్తుంది. ఈ పలక తలకిందులైన గాలిపటం. పడవ లాగుతుంటే నీరు దాన్ని కిందికి తోస్తుంది. అడుగున ఒక చిన్న బరువు ఉంటుంది. దాన్ని కాస్త పక్కకి తిప్పితే పలక కిందికే కాక ఎడమకో కుడికో కూడా పోతుంది. దానివల్ల పడవ వెనక నాలుగు తీగలున్నా ఒకదానికొకటి చుట్టుకోవు. పలకకి ఒక మీట కూడా ఉంటుంది. చేప పడి గుంజినప్పుడు ఆ మీట ఊడి, పలక చదునుగా వాలిపోతుంది. అప్పుడు దాన్ని పైకి లాగడం తేలిక.

ఆస్ట్రేలియా వేటగాళ్ళు ఈ పలకని "పారవేన్" అంటారు. ఆ మాట మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన బర్నీ అనే అధికారి, సముద్రంలో పాతిన మందుపాతర్ల మోకుల్ని కోసెయ్యడానికి ఓడ పక్కన ఈడ్చే ఒక నీటి గాలిపటాన్ని తయారుచేశాడు. దాని పేరు పారవేన్. ఓడల్ని కాపాడిన సూత్రమే ఈనాడు చేపల్ని వెతుకుతోంది.

మిచిగన్ సరస్సు నేర్పిన పాఠం

ఈ విద్య నాకు అబ్బింది ఆస్ట్రేలియాలో కాదు. 2004 నుంచి నాలుగేళ్ళు అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో పనిచేశాను. ఆఫీసులో ఒక సహోద్యోగి ఆదివారాలు తన పడవ ఎక్కించుకునేవాడు. వాళ్ళ తాతల కాలంనుంచీ ఇలాగే సాల్మన్ పడుతున్నారు కాబోలు అనుకునేవాణ్ణి. అది పొరపాటు.

లోతు వేట పాతదే. అమెరికాలో చేపల పెంపకానికి ఆద్యుడని చెప్పుకునే సెత్ గ్రీన్ పేరుతో పందొమ్మిదో శతాబ్దపు గేలం ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది. బరువు కట్టిన ఒకే తాడుకి మెట్లు మెట్లుగా వేలాడే ఎరలు. కాని అది అక్కడే పుట్టి పెరిగిన లేక్ ట్రౌట్ కోసం. పెద్ద సరస్సుల్లో సాల్మన్ అనే మాట వెనక వేరే కథ ఉంది.

నయాగరా జలపాతాన్ని తప్పించుకుని ఓడలు పోవడానికి వెల్లండ్ కాలవ తవ్వారు. ఓడలతో పాటు, పిలవని చుట్టాలు కూడా పై సరస్సుల్లోకి చేరాయి. ఒకటి లాంప్రే, జలగలా పట్టుకుని రక్తం పీల్చే జీవి. 1950ల నాటికి మిచిగన్ సరస్సులో లేక్ ట్రౌట్‌ని దాదాపు తుడిచిపెట్టింది. రెండోది ఏల్‌వైఫ్ అనే చిన్న చేప. తినే పెద్ద చేప లేకపోవడంతో అది లెక్కకు మించి పెరిగింది. 1967 వేసవిలో చచ్చిన ఏల్‌వైఫ్‌లు ఒడ్డున గుట్టలు గుట్టలుగా పడితే, వాటిని ఎత్తడానికి బుల్‌డోజర్లు తేవలసివచ్చింది.

అంతకు మూడేళ్ళ ముందు, 1964లో, హోవర్డ్ టానర్ అనే ఆయన రాష్ట్ర చేపల శాఖకి అధిపతి అయ్యాడు. తినేవాడు లేని తిండి ఇంత ఉంటే తినేవాణ్ణి తెద్దామన్నాడు. పసిఫిక్ తీరంలోని ఆరెగన్ రాష్ట్రంనుంచి కోహో సాల్మన్ గుడ్లు తెప్పించి, పొదిగించి, 1966 వసంతంలో ప్లాట్ నది మొదలైన చోట్ల పిల్లల్ని వదిలాడు. 1967 శరదృతువుకి అవి బలిసిన సాల్మన్‌లై తిరిగివచ్చాయి. జనం పూనకం వచ్చినట్టు ఎగబడ్డారు. కయ్యాకు పడవలాంటి వాటిమీద కూడా పెద్ద సరస్సులోకి దిగారు. సెప్టెంబరు 23న తుఫాను లేచి ఏడుగురు మునిగిపోయారు.

తరవాత నేర్చుకున్నారు. పెద్ద పడవలు, చేపల జాడ చూపే యంత్రాలు, తీగలు, మునుగు పలకలు. ఎండాకాలం లోతుకి దిగిన సాల్మన్‌ని వెతకడానికి ఒక పరిశ్రమే వెలిసింది. సహోద్యోగి పడవలో నేను చూసిన సరంజామాలో చాలా భాగం అతని తాత ఎరగనిది. ఒక అధికారి 1960ల్లో తీసుకున్న నిర్ణయానికి తోకగా వచ్చింది.

ఇంకో సంగతి కూడా నా కళ్ళముందే జరిగింది. పక్కనే ఉన్న హ్యూరాన్ సరస్సులో 2003-04 ప్రాంతంలో ఏల్‌వైఫ్‌లు కుప్పకూలాయి. దానితో వాటిని తిని బతికే సాల్మన్ వేట కూడా కూలింది. ఆ తీరపు ఊళ్ళలో పడవలు అమ్మకానికి పెట్టడం చూశాను. మనిషి అమర్చిన ఆహారపు గొలుసులో ఒక లంకె ఊడితే ఏమవుతుందో అప్పుడు అర్థమయింది.

మంచు పెట్టెలో వచ్చిన ప్రయాణికులు

"మరి ఈ దేశానికి ఈ చేప ఎట్టా వచ్చింది?" అని బాబాయి గారు గూల్‌బర్న్ దాటాక అడిగారు.

ఆస్ట్రేలియాలో సాల్మన్, ట్రౌట్ పుట్టవు. ఇంగ్లండునుంచి వచ్చి స్థిరపడినవాళ్ళకి నదులు కనిపించాయి కాని వాటిలో "తమ" చేప కనిపించలేదు. బతికిన చేపని భూమధ్యరేఖ దాటించడం అసాధ్యం. గుడ్లు తెద్దామంటే వేడికి దారిలోనే పొదిగి చచ్చేవి. 1860లోనూ 1862లోనూ చేసిన ప్రయత్నాలు విఫలమయ్యాయి.

టాస్మేనియాలో భూములుండి లండనులో ఉంటున్న జేమ్స్ యూల్ ఒక కిటుకు పట్టాడు. అమెరికా మంచుగడ్డలు అమ్మే వెన్‌హామ్ లేక్ కంపెనీ లండను గిడ్డంగిలో, నాచు పరిచిన పెట్టెల్లో గుడ్లు పెట్టి చూశాడు. చల్లగా ఉంచితే గుడ్డు ఎదుగుదల నెమ్మదిస్తుంది. మన మద్రాసు సముద్రపు ఒడ్డున ఐస్ హౌస్ ఉంది చూడండి, 1897లో వివేకానందుడు బస చేసిన భవనం. అదికూడా అమెరికా సరస్సుల మంచుగడ్డలు దాచడానికి కట్టినదే. ఆ వ్యాపారం మద్రాసు దొరల గ్లాసుల్లోకి మంచునీ, టాస్మేనియా నదుల్లోకి చేపనీ చేర్చింది.

1864 జనవరిలో నార్‌ఫోక్ అనే ఓడ, మంచు కొట్లో లక్షకు పైగా సాల్మన్ గుడ్లతో ఇంగ్లండు విడిచింది. చివరి నిమిషంలో మూడువేల లోపు ట్రౌట్ గుడ్లు కూడా కలిపారు. ఏప్రిల్‌లో మెల్బోర్న్ చేరాక చాలా భాగాన్ని టాస్మేనియా పంపారు. మే మొదటి వారంలో ప్లెంటీ అనే చోట గుడ్లు పొదిగాయి. సాల్మన్ పిల్లల్ని పెంచి నదిలో వదిలారు. అవి సముద్రంలోకి పోయాయి, మళ్ళీ రాలేదు. అసలు ప్రయాణికుడు కనబడకుండా పోయాడు. కొసరుగా వచ్చిన ట్రౌట్‌లలో సుమారు మూడు వందలు బతికి, వాటి సంతతి టాస్మేనియా దాటి ఈ ఖండపు చల్లని వాగుల్లోకి, న్యూజీలాండుకీ పాకింది.

సాల్మన్ మళ్ళీ వచ్చింది నూరేళ్ళకి. 1960ల్లో కెనడాలోని నోవా స్కోషియానుంచి అట్లాంటిక్ సాల్మన్ గుడ్లు న్యూ సౌత్ వేల్స్‌కి తెచ్చారు. వాటి వంశం జిండబైన్ దగ్గర థ్రెడ్‌బో నది ఒడ్డునున్న గేడెన్ కేంద్రంలో నిలబడింది. 1980ల్లో టాస్మేనియాలో సాల్మన్ పెంపకం మొదలుపెట్టినప్పుడు గుడ్లు ఇక్కడినుంచే పంపారు. మనం సూపర్‌మార్కెట్లో కొనే టాస్మేనియా సాల్మన్‌కి పుట్టిల్లు ఈ కొండలే. జిండబైన్‌లో మాత్రం ఈ సాల్మన్ తనంతట తాను నిలదొక్కుకోలేదు. మళ్ళీ మళ్ళీ పిల్లల్ని వదలాలి. మేం కట్టే లైసెన్సు రుసుము దీనికి కూడా పోతుంది. అంటే నేను పట్టే చేపకి ముందే డబ్బు కట్టి ఉన్నానన్నమాట.

చేపల్ని ఇలా అటూ ఇటూ తిప్పే ఉత్సాహం మన వైపూ ఉండేది. మద్రాసు ప్రభుత్వంలో డాక్టరు ఫ్రాన్సిస్ డే 1860ల్లో నీలగిరికి ట్రౌట్ తేవాలని ప్రయత్నించి విఫలమయ్యాడు. ఆ డే గారే తరవాత దేశమంతా తిరిగి, చేపకి దారి వదలకుండా నదులకి అడ్డంగా ఆనకట్టలు కడితే ఎదురీదే చేపల గతి ఏమిటని 1873 నివేదికలో అడిగాడు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి ఇరవై ఏళ్ళు. సముద్రంనుంచి గోదావరిలోకి ఎదురీదే ఇలసని మనం పులస అంటాం. దాని ప్రయాణం ఇప్పటికీ ఆ గోడ దగ్గరే ఆగుతుంది. ఒక చోట గోడ చేపని ఆపింది. ఇంకో చోట గోడ కట్టి, చేపని తెచ్చి పోశారు.

రెండు లోయలు, ఒక సంవత్సరం

జిండబైన్ గోడ స్నోయీ జలవిద్యుత్ పథకంలో భాగం. 1949 అక్టోబరు 17న మొదలై 1974లో పూర్తయింది. పదహారు పెద్ద డ్యాములు, ఏడు విద్యుత్ కేంద్రాలు, నూట నలభై అయిదు కిలోమీటర్ల సొరంగాలు. తూర్పుకి పోయే స్నోయీ నీటిని కొండల కిందనుంచి పడమటికి మళ్ళించి, కరెంటు తీసి, పొలాలకిచ్చారు. ముప్ఫైకి పైగా దేశాలవాళ్ళు, లక్షమందికి పైగా పనిచేశారు. 121 మంది చనిపోయారు. వైట్ ఆస్ట్రేలియా విధానం ఇంకా నడుస్తున్న రోజులు కనక, బయటినుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా యూరపు వాళ్ళు. ఆ తలుపు మనకి తెరుచుకున్నది 1970ల్లోనే.

నీళ్ళు నిలిపితే ఊళ్ళు మునగాలి. యూకంబీన్ డ్యాము కోసం 1950ల్లో అడమినబీ ఊరిని ఎత్తి వేరేచోట పెట్టారు. కొన్ని ఇళ్ళని అలాగే లారీల మీద ఎక్కించి తీసుకుపోయారు. 2007 కరువులో నీళ్ళు బాగా తగ్గితే పాత ఊరి పునాదులు బయటపడ్డాయి. స్నోయీ నది ఒడ్డునున్న పాత జిండబైన్ 1967లో మునిగింది. అంతకుముందు ఎంతో కాలంగా ఆ నేల న్గరిగో ప్రజలది. వాళ్ళకి ఏ లారీ రాలేదు.

ఇది చెబుతున్నప్పుడు బాబాయి గారు కిటికీలోంచి ఎండిన కొండల్ని చూస్తూ కూర్చున్నారు. కూమా దాటాక ఆయనే మొదలుపెట్టారు.

నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలింది. ఈ రెండు తేదీలూ మనం బళ్ళో చదువుకున్నవే. మధ్యలో, మునిగిపోబోయే నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యాన తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల విజయపురి, స్తూపాలు, విహారాలు, మెట్ల రంగస్థలం బయటపడ్డాయి. కొన్నిటిని రాయి రాయిగా విప్పి, కొండమీదా అనుపులోనూ మళ్ళీ పేర్చారు. కొండ ద్వీపమయింది, దానిమీద మ్యూజియం వెలిసింది. ప్రపంచం మెచ్చుకోదగ్గ పని. నేను కూడా బడి పిల్లవాడిగా లాంచీ ఎక్కి చూసివచ్చి గొప్పగా చెప్పుకున్నవాణ్ణే.

బాబాయి గారిది ఆ లోయలో ఒక పల్లె. ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

"బొమ్మలున్న రాళ్ళకి నంబర్లేసి కొండెక్కించారబ్బాయ్. మంచిపనే. మా ఇంటి రాళ్ళకి నంబర్లెయ్యలా" అన్నారు. గొంతులో కోపం లేదు. కాసేపాగి, "నీళ్ళొచ్చినయ్. అవతల మా చెల్లెలిచ్చిన ఊళ్ళో వరి పండింది. అది కూడా రాయి" అన్నారు.

ఆయన ఆ చివరి మాట అనకపోతే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. మునిగినవాళ్ళ పక్షాన వకాల్తా పుచ్చుకుని, డ్యాముల్ని తిట్టిపొయ్యడం నాలాంటివాడికి తేలిక. మా నాన్న ఫీజులు కట్టింది సాగర్ కుడికాలవ కింద పండిన వరి డబ్బుతో.

లెక్క తేలని ఖర్చు

ప్రవాస తెలుగు సభల్లో సాల్మన్‌ని ఉపమానంగా వాడటం చాలాసార్లు విన్నాను. ఎంత దూరం పోయినా పుట్టిన నదికి తిరిగివస్తుందని, మనమూ అంతేనని. నాకు ఆ పోలిక నప్పదు. జిండబైన్ సాల్మన్‌కి తిరిగిపోవడానికి సముద్రమే లేదు. పైగా మనం ఇష్టపడి వీసా తీసుకుని వచ్చాం. దాన్ని తెచ్చి పోశారు. అది చేసిన నష్టానికి బాధ్యత తెచ్చినవాళ్ళది, తెచ్చినందుకు సంతోషించే నాలాంటివాళ్ళది.

ఆ నష్టం చిన్నది కాదు. ఈ కొండవాగుల్లో గలాక్సియస్ అనే వేలెడంత చేపలుండేవి, పొలుసులు లేనివి. ట్రౌట్ వచ్చిన వాగులో అవి మిగలడం కష్టం. స్టాకీ గలాక్సియస్ అనే దాన్ని 2014లో గాని శాస్త్రజ్ఞులు వేరే జాతిగా గుర్తించలేదు. అప్పటికి అది టాంటంగరా వాగు పైభాగంలో కొద్ది కిలోమీటర్ల మేర మాత్రమే మిగిలింది. అక్కడైనా ఎందుకు మిగిలిందంటే, కింద ఒక చిన్న జలపాతం ఉంది. ట్రౌట్ దాన్ని ఎక్కలేదు. పేరు పెట్టేసరికే ఒక మూల నక్కి బతుకుతున్న జాతి అది.

నది సంగతీ అంతే. జిండబైన్ గోడ కట్టాక, దాని దిగువన స్నోయీలో మిగిలిన నీరు పాత ప్రవాహంలో నూటికి ఒక వంతు. దిగువ ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి అడిగాక, 28 శాతం దాకా తిరిగి ఇస్తామని 2000లో ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. 2002లో మొదటి విడత వదిలారు. ఇచ్చేదీ పోనిచ్చేదీ ఇప్పుడు అంకెల్లో కొలిచి ఇస్తున్నారు.

నీటిని ఆపడం, చేపని తేవడం, తీగని దించడం. నా శనివారపు సరదా వెనక ఈ మూడు నిర్ణయాలున్నాయి. మూడోదే నాది. మొదటి రెండిటి ధర ఇంకెవరో చెల్లించారు.

అడుగు

ఆదివారం తెల్లవారుజామున పడవ దింపాం. ఎండ ఇంకా రాలేదు. నీళ్ళ మీద పొగమంచు. నేను పలక బరువుని ఎడమకి తిప్పి, తీగ వదిలాను. అది నీళ్ళని కోస్తూ సన్నగా మోగింది. బాబాయి గారు ఆ మోతకి చెవి ఒగ్గారు.

గంట తరవాత కర్ర వంగింది. ఆయన చేతికే ఇచ్చాను. మీట ఊడి పలక తేలికైంది, ఆయన రీలు తిప్పారు. రెండు కిలోల సాల్మన్. వెండి రంగు, మీద నల్ల చుక్కలు. సాగర్‌లో పుట్టెల మీద వలలేసి పట్టే బొచ్చెలతో పోల్చి, "ఇది సన్నం" అన్నారు. వలలో వేసి కాసేపు చూసి, ఆయనే నీళ్ళలోకి వదిలేశారు. ఎందుకని నేను అడగలేదు.

మళ్ళీ తీగ దించాను. పడవలో చిన్న తెర ఉంటుంది, అడుగు ఎంత లోతుందో గీతలా చూపిస్తుంది. ఆ గీత మెల్లిగా పైకి లేస్తోంది.

"పాత ఊరు ఎటేపుండేది?" అని అడిగారు.

"ఆ వైపేనండీ. పాత నది ఒడ్డున."

ఆయన తెర వంక చూశారు, తీగ నీళ్ళలోకి దిగిన చోటు వంక చూశారు.

"తీగ కాస్త పైకి లాగబ్బాయ్" అన్నారు. "ఏ గడపకన్నా తగులుకుంటది."

నేను పది చుట్లు పైకి చుట్టాను.